ఆరు గదులకు ఒకే డిష్: నా అనుభవం

అరకులోయలో మేము నడుపుతున్న ఆరు గదుల అతిథిగృహానికి నెలవారీ చందా భారం ఉండకూడదన్న ఉద్దేశంతో, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్న జీశాట్-15 ఉపగ్రహం వైపు తిప్పిన ఒకే డిష్ నుంచి డీడీ ఫ్రీ డిష్ ఛానెళ్లను అన్ని గదులకూ పంచి, గదికొక సెట్‌టాప్ బాక్స్ పెట్టాము. అయితే మొదటి గదిలోని బాక్సును ఆపిన మరుక్షణమే మిగిలిన ఐదు గదుల్లోనూ సిగ్నల్ పోయేది. అది పనిచేస్తున్నప్పుడు కూడా చివరి గదుల్లో బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోయేది. పొగమంచు వల్లనే ఇలా జరుగుతోందని చాలా రోజులు పొరబడ్డాను.

అసలు లోపం డిష్ సిగ్నల్‌ను గదులకు పంచే స్ప్లిట్టర్‌లో ఉంది. డిష్ మీద ఉండి ఉపగ్రహ సిగ్నల్‌ను అందుకుని కేబుల్‌లోకి పంపే ఎల్‌ఎన్‌బీ అనే పరికరానికి కావలసిన 13 లేదా 18 వోల్టుల విద్యుత్తు బాక్సు నుంచే, అదే కేబుల్ గుండా పైకి వెళుతుంది. మేము బిగించినది మామూలు కేబుల్ టీవీ స్ప్లిట్టర్ కావడంతో, అది ఒక్క పోర్టు నుంచి మాత్రమే ఆ విద్యుత్తును పోనిచ్చేది. పైగా దాని సామర్థ్యం 1000 మెగాహెర్ట్జ్‌తో ఆగిపోతుండగా, ఎల్‌ఎన్‌బీ నుంచి దిగే సిగ్నల్ 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్ మధ్య ఉంటుంది.

దాని స్థానంలో 2400 మెగాహెర్ట్జ్ వరకు పనిచేస్తూ, అన్ని పోర్టుల నుంచీ విద్యుత్తును అనుమతించే ఎనిమిది దారుల శాటిలైట్ స్ప్లిట్టర్‌ను అమర్చి, మిగిలిన రెండు పోర్టులకు ఆ విద్యుత్తును (డీసీని) అడ్డుకునే 75 ఓమ్‌ల టెర్మినేటర్లు, అంటే ఖాళీ పోర్టులను మూసే బిరడాలు, బిగించాము. ఎనిమిది దారులుగా చీలినప్పుడు సిగ్నల్ కనీసం 9 డెసిబెల్స్ తగ్గడం అనివార్యం కనుక, డిష్ దిశను కూడా మళ్లీ ఓపికగా సరిచేశాము. ఉపగ్రహ తరంగాలు నిలువు, అడ్డం అనే రెండు ధ్రువణాల్లో (పోలరైజేషన్) వస్తాయి; బాక్సు పంపే 13 లేదా 18 వోల్టులను బట్టి ఎల్‌ఎన్‌బీ వాటిలో ఒకదాన్నే ఎంచుకుంటుంది. మేము చూసే ఛానెళ్లన్నీ ఒకే ధ్రువణంలో ఉన్నందువల్లనే ఈ పద్ధతి సరిపోయింది. రెండు ధ్రువణాలూ అవసరమైన చోట స్ప్లిట్టర్‌ను నమ్ముకోకుండా, రెండు ధ్రువణాలనూ వేర్వేరు తీగల్లో అందించే క్వాట్రో ఎల్‌ఎన్‌బీతో, ఒక్కో బాక్సుకు కావలసినదాన్ని పంపే మల్టీస్విచ్ పెట్టుకోవాలి.