పాల్ రోడ్జర్స్ ‘ద రాయల్ సెషన్స్’ ఎలా వినాలి

ఒంగోల్లో మా చర్చిలో ఇరవై ఏళ్ళుగా కీబోర్డు వాయిస్తున్నాను. క్వయరులో కొత్తగా చేరిన పిల్లలకి ఈ ఆల్బమ్ తప్పకుండా వినిపిస్తాను. మొదటిసారి ఎవరికీ ఎక్కదు. రాక్ సింగరు అనగానే కేక కోసం ఎదురుచూస్తారు, అది రాకపోయేసరికి ఫోను తీసేస్తారు. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాను.

రోడ్జర్స్ 1949లో ఇంగ్లండులోని మిడిల్స్‌బరోలో పుట్టాడు. ఫ్రీ బ్యాండుతో 1970లో ‘ఆల్ రైట్ నౌ’ పాడి పేరు తెచ్చుకున్నాడు. తర్వాత బ్యాడ్ కంపెనీ, ఇంకా తర్వాత కొన్నేళ్ళు క్వీన్ బ్యాండులతో పాడాడు. కుర్రతనంలో ఏ పాటలు విని గొంతు దిద్దుకున్నాడో అమెరికా నల్లజాతివాళ్ళ ఆ సోల్, బ్లూస్ పాటల్నే అక్కడి మెంఫిస్ నగరంలో ఉన్న రాయల్ స్టూడియోకి వెళ్ళి మళ్ళీ పాడాడు. 2014లో ఈ ఆల్బమ్ వచ్చేనాటికి ఆయనకి అరవై నాలుగేళ్ళు.

ముందే ఆల్బమ్ పెట్టొద్దు. ఆన్ పీబుల్స్ 1973లో పాడిన ‘ఐ కాంట్ స్టాండ్ ద రెయిన్’ వినండి. మొదట్లో టప్ టప్‌మని చూరునీళ్ళు పడ్డట్టు వినిపించేది ఎలక్ట్రిక్ టింబేల్ అనే డ్రమ్ము. వాయుగుండం పట్టిన రాత్రి వింటే ఇంకా బాగుంటుంది, కార్తీకంలో మనకి వాటికి కొదవేముంది! తర్వాత ఓటిస్ రెడింగ్ 1965 నాటి ‘ఐ హావ్ బీన్ లవింగ్ యూ టూ లాంగ్’, ఆ తర్వాత ఆల్బర్ట్ కింగ్ 1967 నాటి ‘బోర్న్ అండర్ ఎ బ్యాడ్ సైన్’. మూడూ నోటికి వచ్చేదాకా వినండి. ఇవే పాటలు రోడ్జర్స్ ఆల్బమ్‌లో ఉన్నాయి. మా వైపు రాత్రి నాటకాల్లో ఒకే పద్యాన్ని ఇద్దరు కృష్ణులు పాడితే, ఏ అక్షరం దగ్గర ఎవరు ఊపిరి తీశారో పెద్దవాళ్ళు ఇట్టే చెప్పేవాళ్ళు. పద్యం ముందే వచ్చు గనక చెప్పగలిగారు. ఇక్కడా అంతే.

ఇప్పుడు తాళం. ఒకటి, రెండు, మూడు, నాలుగు లెక్కపెడుతూ ఒకటికీ మూడుకీ కాలు వేయండి, రెండుకీ నాలుగుకీ చప్పట్లు కొట్టండి. మనకి ఒకటి మీద కొట్టడం అలవాటు, చెయ్యి అటే పోతుంది. రెండు రోజులు పట్టుదలగా చేస్తే కుదురుతుంది. ఓటిస్ పాటకి మాత్రం ఈ లెక్క వద్దు, అది మూడు మూడుగా సాగే తిశ్రం నడక. ‘తకిట తకిట’ అనుకుంటూ వినండి.

ఆ పాట రోడ్జర్స్ గొంతులో వింటూ మా క్వయరు కుర్రాడొకడు, “అన్నా, ఈయన లేటుగా పాడతన్నాడు గదన్నా?” అన్నాడు. వాడి చెవికి సరిగ్గానే అందింది. డ్రమ్ము దెబ్బ పడ్డాక రోడ్జర్స్ ఒక వెంట్రుకవాసి ఆగి మాట వదులుతాడు. “లేటు గాదురా, లాగి పట్టుకున్నాడు. దెబ్బ యాడుందో తెలిసినోడే అట్టా ఆగగలడు” అని చెప్పి, ఆ ఒక్క లైనే పదిసార్లు వేసి చూపించాను. మీరూ ఒక్క లైను పట్టుకోండి, పాట మొత్తం అక్కర్లేదు.

ఆ తర్వాత గొంతుని వదిలేసి ఆర్గన్ ఒక్కటే వింటూ ఆల్బమ్ మొత్తం తిప్పండి. నాకు ప్రాణం ఇదే. వాయించింది చార్ల్స్ హాడ్జెస్, రెవరెండ్ ఆయన. బేసు గిటారు ఆయన సోదరుడు లెరాయ్. 1970లలో అదే రాయల్ స్టూడియోలో, ప్రొడ్యూసర్ విల్లీ మిచెల్ దగ్గర, సోల్ గాయకుడు ఆల్ గ్రీన్ పాటలకి వాయించిన చేతులివి. ఆల్ గ్రీన్ కూడా తర్వాత మెంఫిస్‌లోనే పాస్టరయ్యాడు. ఆన్ పీబుల్స్ తండ్రి క్వయరులో పాడుతూ పెరిగింది. సోల్ అన్నది చర్చి గుమ్మం దిగి వీధిలోకి వచ్చిన పాట. ఒకరు లైను అందుకుంటే వెనక మిగతావాళ్ళు జవాబు పలకడం మన చర్చిలో, మన భజనలో ఉన్నదే గనక, అది పట్టుకోవడానికి మీకు ఎవరి సాయమూ అవసరం ఉండదు.

ఫోను స్పీకర్లో వింటే బేసు వినపడదు, సగం పాట పోయినట్టే. మామూలు ఇయర్‌ఫోన్లు చాలు, కానీ సెట్టింగుల్లో బేస్ బూస్ట్ తీసేయండి. రాయల్ ఒకప్పటి సినిమా హాలు, నేల ఇప్పటికీ వాలుగానే ఉంటుంది. అందరూ ఒకే గదిలో కూర్చుని వాయిస్తే టేపు మీద రికార్డు చేశారు. ఆ గది చెవికి తెలియాలంటే సౌండు తగ్గించి వినాలి. ఆల్బమ్‌లోని ‘వాక్ ఆన్ బై’ పాట మొదటి విడతలో దాటేసినా నష్టం లేదు.

చివరికి ఆ ఓటిస్ పాట మీరే, వాయిద్యం లేకుండా పాడి, ఫోనులో రికార్డు చేసుకోండి. ఇంగ్లీషు మాటలు తిరక్కపోతే ‘ఆ’కారంతో పాడండి. ఎక్కడ ఊపిరి అందక మాట తెంచారో అక్కడ రోడ్జర్స్ ఏం చేశాడో వెనక్కి వెళ్ళి వినండి. లేటన్న కుర్రాడు ఆరు నెలలు ఇదే చేశాడు. మొన్న క్రిస్మస్ ఆరాధనలో వాడు పాడుతుంటే ఆఖరి చరణానికి నేను కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాను.