వికలాంగులు కోర్టులో సాక్ష్యం చెప్పే వాయిదాకు ముందు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఆస్తి పంపకాల దావాలోనో, ఇంటి తగాదాలోనో సాక్ష్యం చెప్పే వాయిదా దగ్గరపడుతుంటే ముందు కనుక్కోవాల్సింది కోర్టు హాలు ఏ అంతస్తులో ఉందన్నదే. పాత భవనాలు చాలావాటిలో లిఫ్టు ఉండదు. వీల్‌చైర్‌లో మీరు కింద మెట్ల దగ్గరే ఉండగా, పైన బంట్రోతు మూడుసార్లు పేరు పిలుస్తాడు. ఎవరూ పలకకపోతే వాది దావాను డిఫాల్ట్ కింద, అంటే హాజరు కాలేదన్న కారణంతో, కొట్టేయవచ్చు, ప్రతివాదిని ఎక్స్‌పార్టీ చేయవచ్చు, అంటే అతను లేకుండానే కేసు నడపవచ్చు. అలా ఎక్స్‌పార్టీ డిక్రీ (తీర్పు) అయ్యాక దాన్ని రద్దు చేయమని అడగడానికి మామూలుగా 30 రోజులే గడువు.

కాబట్టి కొన్ని వారాల ముందే లాయరుతో పిటిషన్ వేయించండి. బెంచి క్లర్కుతో నోటిమాటగా చెప్పింది రికార్డుకు ఎక్కదు. 'నేను వికలాంగుడిని, దయచూపండి' అని రాస్తే జడ్జిగారికి ఏం చేయాలో తెలియదు. 'మెట్లు ఎక్కలేను, కింది హాల్లో నా సాక్ష్యం తీసుకోండి', 'అరగంటకు మించి కూర్చోలేను, మధ్యలో విరామం ఇవ్వండి', 'చూపు లేదు, అవతలివాళ్ల కాగితాలు సాఫ్ట్ కాపీగా ఇప్పించండి' అని విడివిడిగా రాయించండి. యూడీఐడీ కార్డు (వికలాంగులకు ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు) నకలు జతచేయండి. అడగడానికి మొహమాటం వద్దు. వికలాంగులకు అనువైన భాషలో, పద్ధతిలో సాక్ష్యం నమోదు చేసే ఏర్పాట్లు ఉండాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. అసలు రాలేని స్థితి ఉంటే, సాక్ష్యం నమోదు చేయడానికి కోర్టు నియమించే లాయరును, అంటే అడ్వకేట్ కమిషనర్‌ను, ఇంటికే పంపమని సివిల్ ప్రొసీజర్ కోడ్ 26వ ఆర్డర్ కింద అడగవచ్చు.

మాట్లాడలేని సాక్షి రాసిగానీ సైగలతోగానీ చెప్పవచ్చు, చట్టం దాన్ని నోటి సాక్ష్యంగానే లెక్కిస్తుంది. అలాంటప్పుడు దుబాసీ (సైగలను మాటల్లో చెప్పే వ్యక్తి) సాయం కోర్టే తీసుకోవాలి, వీడియో కూడా తీయాలి. సైగలు వచ్చు కదా అని బాబాయి కొడుకును నిలబెట్టకండి. ఆ ఆస్తిలో అతనికీ వాటా ఉంటే మీ మాట ఎటు తిరుగుతుందో చెప్పలేం. చూపు లేనివారు చెప్పింది మొత్తం చదివి వినిపించాకే సంతకం పెట్టాలి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది ఇంకోటి ఉంది. 'మా అన్నకు ఏమీ తెలియదు, కేసులో అతని తరఫున నన్ను గార్డియన్‌గా పెట్టండి' అని సొంతవాళ్లే పిటిషన్ వేస్తారు. చెవుడు, అంధత్వం, నడవలేకపోవడం అందుకు కారణాలు కావు. మానసిక లోపం వల్ల తన మేలు తాను చూసుకోలేరని కోర్టు స్వయంగా విచారించి తేల్చాకే గార్డియన్ ప్రశ్న వస్తుంది. అలాంటి నోటీసు అందితే ఇంట్లో ఉండిపోవద్దు. వాయిదా రోజు జడ్జిగారి ఎదుట కూర్చుని మీ నోటితో, మీ సైగలతో మీరే జవాబు చెప్పాలి.

లాయరు ఫీజు గురించి టెన్షన్ పడకండి. వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. సౌకర్యాలు అడిగిన మీ పిటిషన్ కొట్టేస్తే ఆ ఉత్తర్వు సర్టిఫైడ్ కాపీకి (కోర్టు ధ్రువీకరించిన నకలుకు) అదే రోజు దరఖాస్తు పెట్టండి. హైకోర్టుకు వెళ్లాలంటే అది చేతిలో ఉండాలి.