గాలి ఆడాలి, ముంగిస దూరకూడదు: పెరటి కోళ్లకు జాలీ గూడు కట్టే పద్ధతి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల పెరట్లో పదీ పన్నెండు నాటుకోళ్లను పెంచుకోవాలనుకునే వారికి మొదట గుర్తొచ్చే శత్రువులు కుక్క, పిల్లి, ముంగిస. అందుకే చాలామంది నాలుగువైపులా రేకులు బిగించి, చిన్న తలుపు పెట్టి, పెట్టెలాంటి గూడు కట్టిస్తారు. మంగళగిరి దగ్గరి మా పెరట్లో నేనూ మొదట అలాగే కట్టించాను. ఆ గూటిలోకి పిల్లి రాలేదు గాని, రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం తలుపు తీసి చూసేసరికి నాలుగు పెట్టలు నోళ్లు తెరిచి పడి ఉన్నాయి. కోడికి చెమట పట్టదు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. రెక్కలు ఎడం చేసి, నోరు తెరిచి రొప్పుతూ, ఊపిరితో పాటు తేమను బయటికి పంపి అది చల్లబడుతుంది. ఎండ 44, 45 డిగ్రీలకు చేరే రోజుల్లో, గాలి కదలని రేకుల గూటిలో ఆ రొప్పు కూడా పనిచేయదు. కాబట్టి మన ప్రాంతంలో గోడ స్థానంలో జాలీ రావాలి. కాపలా పనిని కింది మూడడుగులకు, పైకప్పుకు, తలుపుకు అప్పగించాలి.

పన్నెండు కోళ్లకు 20 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గల గూడు సరిపోతుంది. ఇందులో 5 అడుగుల భాగాన్ని రాత్రి పడకకు విడదీస్తే 40 చదరపు అడుగులు వస్తుంది, అంటే కోడికి మూడు చదరపు అడుగులకు పైగానే. మిగిలిన 15 అడుగులు పగలు తిరగడానికి, మట్టిలో పొర్లడానికి. పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అలా ఉంటే ఉదయపు ఎండ, సాయంకాలపు ఎండ రెండూ పొట్టి వైపుల మీదనే పడతాయి, పొడవాటి జాలీ వైపుల గుండా నేరుగా లోపలికి దిగవు. వేసవి సాయంత్రాల్లో దక్షిణం నుంచి వచ్చే పైరగాలి మాత్రం గూటిని అడ్డంగా దాటిపోతుంది. రాత్రి పడకను తూర్పు చివర పెట్టాలి. పడమటి చివర పెడితే మధ్యాహ్నమంతా ఎండకు కాగిన చోటే కోళ్లు చీకటిపడ్డాక పడుకోవలసి వస్తుంది. పడమటి వైపు తాటాకు తడిక కట్టి, దాని మీదికి దొండ పాదో చిక్కుడు పాదో పాకిస్తే నీడతో పాటు కూర కూడా దొరుకుతుంది.

పునాది విషయంలో తొందరపడకూడదు. గుంటూరు వైపు నల్లరేగడి నేల వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. అందులో నేరుగా పాతిన సరుగుడు బాదులు రెండు వానాకాలాలు గడిచేసరికి ఒక్కొక్కటి ఒక్కో వైపు ఒరుగుతాయి, బాదు ఒరిగితే జాలీ వదులవుతుంది, వదులైన చోటే ముంగిస మూతి పెడుతుంది. రెండడుగుల లోతున గోతులు తీసి, నల్లమట్టిని తీసేసి, గ్రావెల్ నింపి దిమ్మిస కొట్టి, ఆపైన కాంక్రీటులో ఇనుప పైపు స్తంభాలను నిలబెట్టడం మేలు. రాత్రి పడక నేలను, అడుగు లోతు నుంచి లేపిన ఇటుక కట్టుబడితో, చుట్టుపక్కల నేల కంటే కనీసం అడుగున్నర ఎత్తుకు తేవాలి. ఈ ఎత్తు మామూలు వాన నీటికి సరిపోతుంది గాని వరదకు సరిపోదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని సింగ్ నగర్ వంటి చోట్ల ఇళ్లే రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి పల్లపు చోట ఉండేవారు ఎత్తు పెంచడం మీద డబ్బు పోసే బదులు, కోళ్లను డాబా మీదికి చేర్చడానికి నాలుగు గంపలు ముందే సిద్ధంగా ఉంచుకోవడం తెలివైన పని.

ఇక జాలీ. దుకాణంలో చికెన్ మెష్ అని అడిగితే ఆరు మూలల కన్నుల సన్నటి వల ఇస్తారు. అది కోడిని లోపల ఉంచడానికి పనికొస్తుంది, కుక్కను బయట ఉంచడానికి పనికిరాదు. ఆకలితో ఉన్న ఊరకుక్క దాన్ని పళ్లతో పట్టి చించగలదు. నేల నుంచి మూడడుగుల వరకు అరంగుళం కన్నుల వెల్డ్ మెష్ (తీగలను ఒకదానికొకటి అతికించిన గట్టి జాలీ), అదీ తుప్పు పట్టకుండా గాల్వనైజ్ చేసినది, తప్పనిసరి. ఎదిగిన ఎలుక, పందికొక్కు, ముంగిస, గుడ్ల కోసం వచ్చే పెద్ద పాము దాని గుండా రాలేవు. చుంచెలుక ఒక్కోసారి వస్తుంది, దాని బాధ ముఖ్యంగా మేతకే. మూడడుగుల పైన అంగుళం కన్నుల వెల్డ్ మెష్ చాలు, ఖర్చు తగ్గుతుంది. ఉత్త మేకులతో బిగించి వదలకుండా జాలీ అంచు మీద రీపరు పెట్టి స్క్రూలు బిగించాలి, పైపు స్తంభాలకైతే జానెడుకొక చోట బైండింగ్ వైరు మెలివేయాలి. కింది భాగంలో నైలాన్ వల వాడడం మాత్రం మానుకోవాలి. పాములు అందులో చిక్కుకుని గిలగిలలాడతాయి. చిక్కిన నాగుపామును విడిపించే పని ఎవరికీ వద్దు.

తవ్వి వచ్చే జంతువులకు విడిగా ఏర్పాటు కావాలి. రాత్రి పడక చుట్టూ అడుగు లోతు నుంచి ఇటుక కట్టుబడి ఉంటుంది కాబట్టి అక్కడ పెద్దగా భయం లేదు. పగలు తిరిగే భాగానికి ఇటుక కట్టుబడి అక్కరలేదు. జాలీ అడుగును బయటి వైపు నేల మీద అడుగున్నర మేర పరిచి, పైన రెండు మూడు అంగుళాల మట్టి కప్పి, రాళ్లు పేర్చాలి. కుక్క గాని పందికొక్కు గాని సాధారణంగా జాలీ మొదట్లోనే గోకుతుంది, అక్కడ కాళ్లకు జాలీ తగులుతుంది; అడుగున్నర వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన దానికి రాదు. నెర్రెలు విచ్చే నల్లరేగడిలో ఈ పరుపు ఇంకా అవసరం, ఎందుకంటే వేసవిలో నేలే వాటికి దారి ఇస్తుంది.

పైకప్పుకు తాటాకును మించిన చల్లదనం లేదు. కాని దాన్ని రెండు మూడేళ్లకు ఒకసారి మార్చాలి, ఎలుకలు కాపురం పెడతాయి, నిప్పు భయం ఉంటుంది. తాటాకే వేయదలిస్తే దాని కింద అరంగుళం జాలీ పరచడం మరవకూడదు. రేకులు వేసేవారు పైన సున్నం దట్టంగా పూయించాలి; పిడుగురాళ్ల సున్నం మనకు దగ్గర్లోనే దొరుకుతుంది. దాని మీద వరిగడ్డి పరిచి పాత చేపల వలతో బిగించి కడితే మధ్యాహ్నపు వేడి ఇంకా తగ్గుతుంది. చూరు జాలీని దాటి రెండున్నర, మూడడుగులు ముందుకు రావాలి, అప్పుడే ఏటవాలు జల్లు లోపలికి రాదు. రేకులను మేకులతో సరిపెట్టకుండా జె బోల్టులతో పైపులకు బిగించాలి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి గాలి వచ్చిందంటే మేకుతో నిలిచిన రేకు పక్కవారి పెరట్లో తేలుతుంది. పగలు తిరిగే భాగానికి సగం మేర కప్పు వేసి, మిగతా సగానికి పైన వల కట్టినా చాలు. గద్దను ఆపేది ఆ వలే. ఎత్తులో పాము చిక్కుకునే భయం తక్కువ కాబట్టి అక్కడ నైలాన్ వల పరవాలేదు.

తుపాను జల్లుకు పరదాలు ఉండాలి. యూరియా సంచులు కుట్టి చేసిన పట్టాలు చాలు, టార్పాలిన్ కొననక్కరలేదు. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటి ఉంది. పరదాను పైన కట్టి కిందికి జారవిడుస్తారు. అలా చేస్తే పైకి లేచిన వేడిగాలి, నేల మీద పరిచే ఊకలోని రెట్ట నుంచి వచ్చే అమ్మోనియా ఘాటు చూరు కింద చిక్కుకుపోతాయి. పరదా అడుగును కింద బిగించి, తాడుతో పైకి లాగేలా అమర్చి, ఎంత జల్లు కొట్టినా పై అడుగున్నర తెరిచే ఉంచాలి. తడి గోనెలు వేలాడదీసే అలవాటు పడమటి వడగాడ్పు పొడిగా వీచే రోజుల్లో బాగా పనిచేస్తుంది. ఉక్కపోసే రోజుల్లో మాత్రం గాలిలో తేమ ఇంకా పెరిగి కోడి రొప్పు వృథా అవుతుంది, అప్పుడు పొడి గాలి ఆడనివ్వడమే మంచిది.

లోపల వాలడానికి రెండంగుళాల మందం గల వెదురు కర్రలను నేలకు రెండున్నర అడుగుల ఎత్తున, కోడికి జానెడు చొప్పున అమర్చాలి. బరువైన అసిల్ (పందెం జాతి) కోళ్లకు ఇంకా కిందికి దించాలి, లేకపోతే దూకేటప్పుడు కాళ్లు దెబ్బతింటాయి. కర్ర ఏదీ జాలీకి అడుగు కంటే దగ్గరగా ఉండకూడదు: పిల్లి లోపలికి రాలేకపోయినా, జాలీకి ఆనుకుని నిద్రపోతున్న కోడి ఈకలను గోళ్లతో లాగి గాయం చేస్తుంది. గుడ్లకు నాలుగైదు పెట్టలకు ఒక గంప చొప్పున మూడు గంపలు, చీకటి మూలలో. నేల మీద మూడంగుళాల మందాన వరి ఊక పరిచి, వారానికి రెండుసార్లు తిరగేస్తే వాసన రాదు, పక్కింటివారితో మాట రాదు.

మేత, నీళ్లు రెండూ కప్పు కిందే పెట్టాలి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో పక్షి ఫ్లూ వచ్చినప్పుడు అందరూ కాకులను అనుమానంగా చూశారు. కొక్కెర తెగులు (రాణిఖేత్) మాత్రం ఏటా ఉండే భయమే. బయటి పక్షుల నుంచి రోగం సోకడమే తెరిచిన గూటికి ఉన్న ఒకే ఒక బలహీనత. బయటి పక్షి రెట్ట పడే చోట గిన్నె ఉంటే ఎంత మంచి జాలీ అయినా రోగాన్ని ఆపలేదు. టీకాల సంగతి పశువైద్యుని అడిగి తప్పకుండా వేయించాలి. వేసవిలో కోడి తినే మేతకు మూడింతల బరువు నీళ్లు తాగగలదు కాబట్టి రెండు మట్టి పాత్రలు పెట్టి, మధ్యాహ్నం ఒకసారి చల్లటి నీళ్లు మార్చాలి.

తలుపుకు ఒక గడియ చాలదు. కోతులు తిరిగే చోట అసలే చాలదు. పైన ఒకటి, కింద ఒకటి పెట్టి, కింది దానికి చిన్న తాళం వేయాలి. తలుపు కింద రెండంగుళాల ఎత్తు గడప కడితే సందు మిగలదు. పని పూర్తయ్యాక అమావాస్య దగ్గరి చీకట్లో గూటి లోపల లైటు వెలిగించి, చుట్టూ తిరిగి కట్టుబడి కీళ్లను, తలుపు అంచులను, చూరు కిందిని చూడాలి. జాలీ కన్నుల వెలుగు సమంగా కనబడుతుంది, సందు ఉన్నచోట అది గీతగానో మచ్చగానో పొడుచుకొస్తుంది. బొటనవేలు దూరే సందైతే ఎలుక దూరుతుంది. ఆ రాత్రే సుద్దతో గుర్తు పెట్టి తెల్లవారగానే మూయించాలి. ఆ తర్వాతే కోళ్లను తెచ్చి, వారం రోజుల పాటు బయటికి వదలకుండా లోపలే ఉంచితే, ఎనిమిదో రోజు సాయంత్రం పొద్దు వాలకముందే అవి తమంతట తామే వెదురు కర్ర ఎక్కుతాయి.