తుపాకి మందు కొనాలంటే: నెల్లూరు, ప్రకాశం జిల్లాల కొనుగోలుదారులకు కాగితాల వివరం

చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు క్వారీల్లో రాయిని కోసే తీగ రంపం, అంటే డైమండ్ వైర్ సా, వచ్చాక పేల్చే పని బాగా తగ్గింది. అయినా దిమ్మె రాయి తీసేచోట తుపాకి మందు, అంటే బ్లాక్ పౌడర్, అవసరం పూర్తిగా పోలేదు. మిగతా పేలుడు మందులు రాయిని ఛిద్రం చేస్తాయి. ఇది వాటికంటే నెమ్మదిగా కాలి, పుట్టిన వాయువుతో రాయిని నెట్టి పగులు తెరుస్తుంది. దిమ్మెలో వెంట్రుకవాసి పగుళ్లు తక్కువగా పడతాయి. పడమటి ప్రకాశంలోనూ ఉదయగిరి వైపు అడవి అంచు పల్లెల్లోనూ పంట కాపలాకు లైసెన్సు మీద పాతకాలపు గొట్టపు తుపాకి ఉన్న రైతులకూ ఇదే మందు కావాలి. బాణసంచా తయారీదారులది మూడో వరస. ముగ్గురూ కొనేది ఒకటే అయినా దారులు వేరు. ఒకరి కాగితం ఇంకొకరికి పనికిరాదు.

1884 పేలుడు పదార్థాల చట్టం, దాని కింద వచ్చిన 2008 నిబంధనలు ఈ కొనుగోలుకు ఆధారం. నిబంధనల్లో పేలుడు పదార్థాలు ఎనిమిది తరగతులు. మొదటి తరగతి తుపాకి మందు. నైట్రేట్ మిశ్రమాలు రెండోది, బాణసంచా ఏడోది. ఇది ముందుగా చెప్పడానికి కారణం ఉంది. మీ లైసెన్సులో ఏ తరగతి, ఎన్ని కిలోలు అని రాసి ఉంటే అంతవరకే మీ హక్కు. రెండో తరగతికి లైసెన్సు ఉంది కదా, మొదటి తరగతి కూడా ఇవ్వండి అంటే అమ్మకందారు ఇవ్వకూడదు. అమ్మోనియం నైట్రేటుకైతే 2012లో వచ్చిన వేరే నిబంధనలు, వేరే లైసెన్సు ఉన్నాయి.

ఆధార్ కార్డు చూపిస్తే మందు ఇస్తారనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. గుర్తింపు కార్డు మీరెవరో చెబుతుంది, కొనే అర్హత ఇవ్వదు. అర్హత ఇచ్చేది లైసెన్సు. అమ్మే మనిషి చూడాల్సింది నాలుగు విషయాలు: లైసెన్సులో ఉన్న పేరు, చోటు, తరగతి, పరిమాణం. ఇండెంటులోనూ (సరుకు కావాలని రాసిచ్చే పత్రం) రవాణా పాసులోనూ బండి దిగే చోటులోనూ ఆ నాలుగూ ఒక్కలాగే ఉండాలి. ఎక్కడైనా ఒక్కటి తేడా పడితే సరుకు కదలదు, కదలనివ్వకూడదు కూడా.

క్వారీ యజమాని విషయానికి వద్దాం. లీజు చేతిలో ఉన్నంత మాత్రాన మందు కొనే హక్కు రాదు. నిల్వ చేసి వాడుకోవడానికి ఎల్‌ఈ-3 లైసెన్సు కావాలి. నాగపూర్ కేంద్రంగా పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ పెసో పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలి. మేగజైన్, అంటే మందు నిల్వ గది, కట్టే స్థలం పటం, చుట్టూ ఇళ్లు, రోడ్డు, కరెంటు లైను ఎంత దూరంలో ఉన్నాయో చూపే పటం, స్థలం మీద హక్కు పత్రం, ఫొటోలు, గుర్తింపు, చిరునామా రుజువులు జతచేయాలి. సంస్థ పేరుతో అయితే బాధ్యత వహించే వ్యక్తి ఎవరో తీర్మానం కూడా ఉండాలి. ఆ తర్వాత కలెక్టర్ నుంచి నిరభ్యంతర పత్రం. కలెక్టరేట్ మెజిస్టీరియల్ సెక్షన్ నుంచి ఫైలు పోలీసు, రెవెన్యూ శాఖలకు వెళ్లి నివేదికలతో తిరిగొస్తుంది. దరఖాస్తుదారు నడవడిక విచారణ ఈ దశలోనే జరుగుతుంది. పద్దెనిమిదేళ్లు నిండనివారికి ఎలాగూ ఇవ్వరు. హింసకు లేదా నైతిక పతనానికి సంబంధించిన నేరంలో ఆరు నెలలు, అంతకు మించి శిక్ష పడినవారికి శిక్ష ముగిశాక ఐదేళ్ల దాకా చట్టంలోని 6ఎ సెక్షన్ అడ్డుపడుతుంది. లైసెన్సు ఒకసారి రద్దయినవారికీ అదే సెక్షన్ వర్తిస్తుంది.

మన రెండు జిల్లాల్లో ఎక్కువగా చిక్కు తెచ్చేది జిల్లా పేరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు కందుకూరు నెల్లూరులో కలిసింది, అద్దంకి బాపట్లకు వెళ్లింది, గూడూరు తిరుపతికి పోయింది. ఆ తర్వాత కూడా హద్దులు కదిలాయి. పాత నిరభ్యంతర పత్రం మీద ఒక జిల్లా, కొత్త ఇండెంటు మీద ఇంకో జిల్లా ఉంటే దారిలో ఆపిన ఎస్సైకి మీ మాట మీద నమ్మకం కుదరదు. మండలం ఇప్పుడు ఏ కలెక్టరేట్ కింద ఉందో తెలుసుకుని, లైసెన్సులో చిరునామా సవరణకు ముందే దరఖాస్తు పెట్టండి. సరుకు ఆర్డరు ఇచ్చాక మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

రెండో చిక్కు మనిషి పేరు. ఆధార్‌లో షేక్ అని పూర్తిగా ఉంటుంది, లైసెన్సులో ఎస్.కె. అని ఉంటుంది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. బ్యాంకు ఖాతాలో తండ్రి పేరు పొడి అక్షరంగా మిగిలిపోతుంది. కిరాణా కొట్టులో ఇవి పట్టించుకునే సంగతులు కావు, ఇక్కడ మాత్రం కొనుగోలు ఆగడానికి ఇది చాలు. దరఖాస్తు పెట్టకముందే అన్నింటిలో పేరు ఒకేలా సరిచేయించుకోవడం మేలు.

ఇక కొనేరోజు. లైసెన్సుదారు ఆర్‌ఈ-11 ఇండెంటు రాసి సంతకం చేస్తారు. అందులో తరగతి, సరుకు పేరు, పరిమాణం, లైసెన్సు నంబరు, గడువు తేదీ ఉండాలి. ఆ పరిమాణం రాసేముందు స్టాకు పుస్తకం తెరవండి. లైసెన్సు సామర్థ్యం 100 కిలోలు, మేగజైన్‌లో ఇప్పటికే 70 ఉంటే మీరు అడగగలిగేది 30. చాలామంది లైసెన్సు అంకె చూసి పూర్తి 100 రాసేస్తారు. బండి వచ్చి దించిన క్షణం నుంచి అది అనుమతికి మించిన నిల్వ అవుతుంది.

సరుకును లైసెన్సుదారుకు, లేదా ఆయన రాతపూర్వకంగా అధికారమిచ్చిన ఏజెంటుకు మాత్రమే అప్పగించాలి. క్వారీ మేస్త్రి, డ్రైవరు, బావమరిది, ఎంత నమ్మకస్తులైనా, ఫోటో, నమూనా సంతకం ఉన్న అధికార పత్రం లేకపోతే లెక్కలోకి రారు. తాగి వచ్చినవారికి, మైనర్లకు మందు పెట్టె ముట్టుకునే పని కూడా అప్పగించకూడదు.

పెట్టె తీసుకునేటప్పుడు పైన ముద్ర చదవండి. తయారీదారు పేరు, లైసెన్సు నంబరు, తరగతి, తయారీ తేదీ, నికర బరువు కనిపించాలి. గుండ లేదా గింజ రూపంలోని తుపాకి మందుకు ఐక్యరాజ్యసమితి సంఖ్య 0027, అచ్చుపోసినదానికి 0028, ప్రమాద వర్గం 1.1డి. సీలు తెగినా, ముద్ర గీకేసినట్టున్నా తీసుకోకండి. సంచిలో విడిగా పోసి ఇచ్చే మందు ఎంత చవకైనా అది దొంగ సరుకే. నాటు తయారీ మందు కాలే వేగం ఒక్కో సంచిది ఒక్కో రకం. రాయిలో మందు కూరే రంధ్రం దగ్గర నిలబడ్డ మనిషికి అది ప్రాణాపాయం. మందుతోపాటు డిటొనేటర్లు (పేలుడును రగిలించే చిన్న గొట్టాలు) కూడా కొంటుంటే ఇంకో మాట: ఎలక్ట్రిక్ డిటొనేటర్ల తయారీ, నిల్వ, దిగుమతిని 2025 ఏప్రిల్ 1 నుంచి నిషేధించారు. పాత స్టాకు ఉంది, తక్కువకే ఇస్తాం అంటే వద్దనండి.

క్వారీకి సరుకు తేవడానికి ఎల్‌ఈ-7 లైసెన్సున్న వ్యానే వాడాలి. ట్రాక్టరు ట్రాలీ, బొలెరో వెనక భాగం, ఆర్టీసీ బస్సు, ఏదీ పనికిరాదు. రైల్లో తీసుకెళ్తే 1989 రైల్వే చట్టం 164 సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు పడవచ్చు. బండితో పాటు పాసు, ఇండెంటు నకలు, లైసెన్సు నకలు ఉండాలి. డిటొనేటర్లు, మందు ఒకే అరలో రాకూడదు.

సొంత మేగజైన్ లేని చిన్న క్వారీలకు, మెట్టపొలాల్లో బావి తవ్వేవారికి సరైన దారి ఒకటుంది. లైసెన్సున్న పేలుడు కాంట్రాక్టరు తన వ్యానులో ఆ రోజుకు సరిపడా తెచ్చి, తన మనిషితో పేల్పించి, మిగిలింది ఆ సాయంత్రమే తన మేగజైన్‌కు తీసుకుపోవాలి. ‘రేపు పొద్దున మళ్లీ వస్తాం కదా, ఈ రెండు కిలోలు షెడ్డులో ఉంచండి’ అంటే ఒప్పుకోకండి. ఆ రాత్రికి లైసెన్సు లేకుండా పేలుడు పదార్థం ఉంచుకున్నది మీరే అవుతారు. 1884 చట్టం 9బి సెక్షన్ కింద అలా ఉంచుకోవడానికి రెండేళ్ల దాకా, లైసెన్సు లేకుండా తయారు చేయడానికి మూడేళ్ల దాకా జైలు. అనుమానాస్పదంగా ఉంచుకున్నారని తేలితే 1908 పేలుడు పదార్థాల చట్టం కూడా మీదపడుతుంది, దానిలో శిక్షలు ఇంకా పెద్దవి.

పేల్చే మనిషి కాగితం కూడా అడిగి చూడండి. క్వారీ గని కిందికే వస్తుంది కాబట్టి అక్కడ గనుల భద్రతా శాఖ ఇచ్చిన బ్లాస్టర్ సర్టిఫికెట్ ఉండాలి. ఆ శాఖ ప్రాంతీయ కార్యాలయం నెల్లూరులోనే ఉంది. గని కాని చోట, అంటే బావి, రోడ్డు పనుల్లో, పెసో ఇచ్చే షాట్‌ఫైరర్ పర్మిట్. ఒకటి ఉన్నవాడు రెండో చోట పేల్చేస్తుంటాడు, ‘ఏదో ఒక కార్డు ఉంది కదా’ అని. అది చాలదు. గనిలో పేల్చేటప్పుడు చుట్టూ ప్రమాద పరిధిలో ఉన్నవాళ్లంతా నీడ పట్టాలి, అంటే గట్టి ఆశ్రయంలోకి వెళ్లాలి. ప్రమాదం జరిగితే దగ్గరి పోలీసు స్టేషనుకు, పెసోకు వెంటనే తెలియజేయాలి.

గొట్టపు తుపాకి రైతులకు దారి ఆయుధాల చట్టం మీదుగా వెళ్తుంది. 1959 చట్టంలోని 13వ సెక్షన్ పంట కాపలాకు మజిల్ లోడర్, అంటే ఈ గొట్టపు తుపాకి, లైసెన్సును పేరుపెట్టి ప్రస్తావించింది. లైసెన్సు పుస్తకంలో ఒకేసారి ఎంత మందు, సామగ్రి ఉంచుకోవచ్చు, ఏడాదిలో ఎంత కొనవచ్చు అని రెండు అంకెలు ఉంటాయి. దుకాణానికి వెళ్లేటప్పుడు అసలు పుస్తకమే తీసుకెళ్లాలి, జిరాక్సు చెల్లదు. దుకాణదారు అమ్మిన తేదీ, పరిమాణం అందులో రాసి సంతకం పెట్టాలి. రాయకుండా ఇచ్చేస్తే ‘మేలు చేశాడు’ అనుకోకండి, తర్వాత తనిఖీలో ఇంట్లో దొరికిన మందుకు మీ దగ్గర లెక్క ఉండదు. జాతీయ డేటాబేసులో నమోదైన విశిష్ట సంఖ్య, అంటే యూఐఎన్, పుస్తకం మీద ఉందో లేదో కూడా చూసుకోండి. తాత పేరున ఉన్న పుస్తకాలకు ఈ సంఖ్య లేకపోవడం తరచూ కనిపిస్తుంది. తాత పోయాక ఆ లైసెన్సు మీద మనవడు మందు కొనడం నేరం. 2019 సవరణతో లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఎన్నికల సమయంలో తుపాకి స్టేషన్లో జమ చేయమంటే చేసి రసీదు తీసుకోండి. తుపాకి స్టేషన్లో ఉన్నన్నాళ్లూ మందు కొనకపోవడమే మంచిది.

ఇక్కడ రైతులు పొరబడే చోటు ఇంకొకటి ఉంది. తుపాకి లైసెన్సు అడవి పందిని కాల్చే అనుమతి కాదు. 2022 సవరణ తర్వాత అడవి పంది 1972 వన్యప్రాణి చట్టంలో రెండో షెడ్యూలులో ఉంది. అటవీ శాఖ అధికారి రాతపూర్వక అనుమతి వేరుగా కావాలి. మార్కాపురం, గిద్దలూరు, యర్రగొండపాలెం వైపు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం ఆనుకుని ఉంది కాబట్టి ఈ అనుమతి మీద కన్ను మరింత ఉంటుంది. తుపాకి మందుతో ఎర ఉండలు చేసి పొలం గట్టు మీద పెట్టడం గురించి చెప్పేది ఒక్కటే: అది పందికన్నా ముందు మీ ఊరి ఆవు నోటికో, పిల్లవాడి చేతికో తగులుతుంది.

బాణసంచా తయారీకి ఒకేసారి 15 కిలోలకు మించకపోతే ఎల్‌ఈ-1 లైసెన్సును కలెక్టరే ఇస్తారు. దుకాణంలో టపాసులు అమ్ముకునే లైసెన్సుతో విడి మందు కొనడం కుదరదు.

కొన్న తర్వాత స్టాకు పుస్తకం రోజూ రాయాలి, మూడు నెలలకోసారి రిటర్ను పంపాలి. మేగజైన్ చుట్టూ 15 మీటర్ల లోపు బీడీ, అగ్గిపెట్టె, దీపం నిషిద్ధం. పెట్టె తెరవడానికి ఇనుప పనిముట్లు వద్దు, చెక్క, రాగి వాడాలి. పాత తేదీ సరుకు ముందు ఖర్చు చేయాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నెల్లూరు తీరంలో తుపాన్ల కాలం. మేగజైన్‌లో తేమ చేరితే మందు గడ్డకడుతుంది. ఎండబెడితే బాగవుతుందనుకోవడం పొరపాటు: తడిసినప్పుడు సురేకారం కరిగి, ఆరాక విడిగా స్ఫటికాలు కడుతుంది, మందు మునుపటిలా కాలదు, రంధ్రంలో పేలకుండా మిగిలిపోతుంది. దాన్ని గుంటలో పోయడం, తగలబెట్టడం సొంతంగా చేయకూడదు. విడిగా పెట్టి, గుర్తు వేసి, పెసోకు రాసి వారి సూచన ప్రకారమే నాశనం చేయించాలి.

పుస్తకంలో 42 కిలోలు, తూస్తే 40 ఉంటే, ‘లెక్కలో తప్పయి ఉంటుంది’ అని అంకె దిద్దకండి. లోటు తెలిసిన వెంటనే దగ్గరి స్టేషనులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, లైసెన్సు ఇచ్చిన అధికారికి తెలియజేసి, రెండింటికీ రసీదు తీసుకుని మేగజైన్ ఫైలులో పెట్టాలి. దిద్దిన అంకె తనిఖీలో బయటపడితే లైసెన్సు సస్పెండ్ అవుతుంది, ఆ రెండు కిలోలు ఎక్కడైనా పేలితే జవాబు చెప్పాల్సింది కూడా లైసెన్సుదారే.