శాన్‌ఫ్రాన్సిస్కో, యోసెమిటీ, నాపా: వసంతంలో ఇద్దరి కారు ప్రయాణం ఎలా ప్లాన్ చేసుకోవాలి?

ఈ ట్రిప్ అనగానే చాలామంది ముందు శాన్‌ఫ్రాన్సిస్కోలో హోటల్ వెతుకుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది కాలిఫోర్నియా కొండల్లో ఉన్న యోసెమిటీ నేషనల్ పార్కు జలపాతాల్లో నీళ్ళు. సిటీ ఏడాదంతా ఉంటుంది, నాపా ద్రాక్షతోటలూ ఎక్కడికీ పోవు. జలపాతాలు అలా కాదు. 2,425 అడుగుల ఎత్తు నుంచి దూకే యోసెమిటీ ఫాల్స్ కొండ మీద కరిగే మంచుమీదే ఆధారపడింది. చాలా ఏళ్ళలో ఆగస్టుకల్లా ఎండిపోతుంది. అందుకే కొండల తేదీలు ముందు ఖాయం చేసుకుని, మిగతా రెండూ వాటికి అటూ ఇటూ సర్దుకోండి.

తేదీలు

ఏప్రిల్ చివరి వారం నుంచి మే మూడో వారం దాకా నా ఓటు. మే చివరి సోమవారం మెమోరియల్ డే సెలవు, ఆ వారాంతం వైపు పోకండి. నాపా తోటల్లో ద్రాక్షతీగల మధ్య పరుచుకునే పసుపుపచ్చ ఆవపూలు ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే బాగుంటాయి. అవీ కావాలి, జలపాతాల జోరూ కావాలి అంటే ఒకే ట్రిప్‌లో కుదరదు. మేము జలపాతాలే ఎంచుకున్నాం. అప్పటికి తీగలకు లేత చిగుళ్ళు వచ్చి, ఆకుల మధ్య ఆవగింజలంత ద్రాక్ష మొగ్గలు కనిపిస్తుంటాయి.

ఈ తేదీల్లో పౌర్ణమి ఎప్పుడొస్తుందో కూడా చూడండి. ఎందుకో తర్వాత చెబుతాను.

రోజుల లెక్క

వారం రోజులుంటే చాలు. శనివారం, ఆదివారం సిటీలో గడిపి సోమవారం కొండలకు బయల్దేరండి. మంగళ, బుధవారాలు యోసెమిటీకి ఇవ్వండి. గురువారం తోటలవైపు ప్రయాణం, శుక్రవారం వైనరీలు (వైన్ తయారుచేసి రుచి చూపించే చోట్లు), శనివారం వెనక్కి. రద్దీగా ఉండే రెండు చోట్లకీ ఇలా వారం మధ్యలో వెళ్ళినట్టవుతుంది. ఇంకో ఊరు కలుపుదామనే ఆశ పెట్టుకోకండి. కారులో గడిపే గంటలు పెరిగితే ఇద్దరూ కలిసి తిరిగే గంటలు తగ్గుతాయి.

పార్కు లోపలి గదులు ఏడాది ముందు నుంచే బుక్ అయిపోతుంటాయి. దొరక్కపోతే ఎల్ పోర్టల్, మారిపోసా, గ్రోవ్‌లాండ్ ఊళ్ళలో చూడండి. పార్కులోకి వెళ్ళడానికి కొన్ని సంవత్సరాల్లో ముందస్తు రిజర్వేషన్ కూడా అడుగుతారు, కాబట్టి బయల్దేరే ముందు నేషనల్ పార్క్ సర్వీస్ సైటు తప్పకుండా చూడండి. ప్రవేశ రుసుము కారుకు 35 డాలర్లు, ఏడు రోజులు చెల్లుతుంది. 2026 నుంచి అమెరికాలో నివాసం లేని సందర్శకులు 16 ఏళ్ళు, ఆపై వయసువారైతే తలకు మరో 100 డాలర్లు కట్టాలి. ఇండియా నుంచి వచ్చే జంటలు ఇది ముందే లెక్కలో వేసుకోవాలి.

సిటీలో కారు వద్దు

కారు సోమవారం ఉదయమే అద్దెకు తీసుకోండి. ఎయిర్‌పోర్టు నుంచి బార్ట్ రైలు నేరుగా ఊళ్ళోకి వస్తుంది. ఊళ్ళో తిరగడానికి బస్సులున్నాయి, 1873 నుంచి నడుస్తున్న కేబుల్ కార్లున్నాయి. శనివారం పొద్దున్న ఫెర్రీ బిల్డింగ్ దగ్గర రైతుబజారు చూసి, సాయంత్రం గోల్డెన్ గేట్ వంతెన మీద నడవండి. వసంతంలో కూడా అక్కడి చలిగాలి దంచేస్తుంది. మందపాటి జాకెట్ చేతిలో ఉండాల్సిందే.

ఎలాగూ కారుందంటే రెండు జాగ్రత్తలు. ఎత్తువాలు వీధుల్లో పార్క్ చేసేటప్పుడు ముందుచక్రాలు తిప్పి పెట్టడం అక్కడ చట్టం: కిందికి దిగే దిక్కులో ఉంటే ఫుట్‌పాత్ గట్టు వైపుకి, పైకెక్కే దిక్కులో ఉంటే రోడ్డు వైపుకి. రెండోది, సీట్ల మీద ఖాళీ సంచి కూడా వదలకండి. అద్దాలు పగలగొట్టే దొంగతనాలకు ఆ ఊరు పేరుపడింది.

కొండదారి

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి యోసెమిటీ లోయకి సుమారు 195 మైళ్ళు, నాలుగైదు గంటలు పడుతుంది. దగ్గరి దారి 120వ నంబరు హైవే. మంచు పడే సూచన ఉంటే మారిపోసా మీదుగా వెళ్ళే 140 మేలు, అది తక్కువ ఎత్తులో సాగుతుంది. ఏప్రిల్‌లో కూడా మంచు పడొచ్చు. అప్పుడు టైర్లకు చెయిన్లు తప్పనిసరి చేస్తారు. అద్దె కారుకి చెయిన్లు వేయడానికి ఒప్పుకుంటారో లేదో ముందే కనుక్కోండి. పార్కు ఎత్తు ప్రాంతాల మీదుగా పోయే టయోగా రోడ్డు మాత్రం ఆ రోజుల్లో సాధారణంగా మంచుతో మూసే ఉంటుంది.

120 మీద మొకాసిన్ దాటాక ఓల్డ్ ప్రీస్ట్ గ్రేడ్, న్యూ ప్రీస్ట్ గ్రేడ్ అని రెండు దారులు వస్తాయి. పాతది రెండు మైళ్ళే, కానీ నిట్టనిలువుగా ఉంటుంది. మొదటిసారి తిరుగు ప్రయాణంలో జీపీఎస్ దగ్గరి దారి చూపించిందని మేము పాతదాన్లోనే దిగాం. సగం దూరం కూడా రాలేదు, బ్రేకులు కాలిన వాసన మొదలైంది. పక్కకి ఆపే చోటు దొరికేదాకా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను. ఎక్కడానికైనా దిగడానికైనా మీరు కొత్త దారే పట్టుకోండి. కాస్త చుట్టు, మలుపులు ఎక్కువ, కానీ వాలు తక్కువ. దిగేటప్పుడు కారుని లో గేర్‌లో ఉంచితే బ్రేకుల మీద అంత భారం పడదు.

లోయలో పెట్రోలు బంకు లేదు, కింది ఊళ్ళోనే ట్యాంకు నింపేయండి. ఫోను సిగ్నల్ నమ్ముకోవద్దు, మ్యాపులు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

యోసెమిటీలో రెండు రోజులు

ముందు టన్నెల్ వ్యూ దగ్గర ఆగండి. ఎడమవైపు ఎల్ కాపిటన్, కుడివైపు బ్రైడల్‌వెయిల్ జలపాతం, దూరంగా హాఫ్ డోమ్ ఒకే చూపులో కనిపిస్తాయి. లోయలో ఉదయం ఎనిమిదిలోపే పార్కింగ్ చూసుకుని, తర్వాత ఉచిత షటిల్ బస్సుల్లో తిరగండి.

ఒక రోజు మిస్ట్ ట్రైల్ అనే కాలిబాటకి ఇవ్వండి. ఆ దారిలో వచ్చే వెర్నల్ ఫాల్ జలపాతం 317 అడుగులే. అయినా దాని పక్కనే ఆరువందలకు పైగా రాతిమెట్లు ఎక్కాలి, వసంతంలో ఆ మెట్ల మీద జల్లు వానలా పడుతుంది. రెయిన్‌కోటు, పట్టున్న బూట్లు వేసుకోండి. గొడుగు పనికిరాదు. మెట్ల మీద ఒకరు ఆగితే రెండోవారూ ఆగండి, ముందు నడిచేవారు తొందరపెట్టవద్దు. ఒడ్డున ఎంత ప్రశాంతంగా కనిపించినా మెర్సెడ్ నదిలో కాలు పెట్టకండి. మంచునీళ్ళ వడి మనిషిని నిలవనివ్వదు.

ఇప్పుడు పౌర్ణమి సంగతి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పౌర్ణమి దగ్గరి రాత్రుల్లో, ఆకాశం తేటగా ఉంటే, లోయర్ యోసెమిటీ ఫాల్ జల్లులో చంద్రుడి వెలుగుకి ఇంద్రధనుస్సు పడుతుంది. వంతెన మీద నిలబడి చూశాం. కంటికి రంగులు పెద్దగా తెలియవు, వెండిగీత ఒకటి వంగి నిలబడినట్టుంటుంది. కెమెరాని స్టాండు మీద పెట్టి కొన్ని సెకన్లు ఎక్స్‌పోజర్ ఇస్తే ఎరుపు, ఆకుపచ్చ బయటపడతాయి. పది నిమిషాల్లో తడిసిపోయాం. మా ఆయన జేబురుమాలుతో లెన్సు తుడుస్తూనే ఉన్నారు. మాట వినిపించనంత హోరు. ఈ ట్రిప్ మొత్తంలో ఒక్కటే ఉంచుకోమంటే నేను ఆ రాత్రే ఉంచుకుంటాను.

తిండి విషయంలో మాత్రం ఖచ్చితంగా ఉండండి. చీకటి పడ్డాక కారులో తినే వస్తువులు వదలడం అక్కడ నిషేధం. పులిహోర డబ్బా, బిస్కెట్లు, టూత్‌పేస్టు కూడా గదిలోకి తీసుకెళ్ళాలి, లేదా ఇనుప బేర్ బాక్సుల్లో పెట్టాలి. ఎలుగుబంట్లు వాసన పట్టి కారు తలుపులు పీకేస్తాయి. మనుషుల తిండి రుచి మరిగిన ఎలుగుని చివరికి చంపాల్సి వచ్చే ప్రమాదమూ ఉంది.

తోటల్లో

లోయ నుంచి నాపాకి నాలుగున్నర గంటలు పైమాటే. గురువారం సాయంత్రం ఏ కార్యక్రమమూ పెట్టుకోకండి.

నాపా లోయకి రెండు సమాంతర దారులున్నాయి. 29వ హైవే మీద పేరున్న వైనరీలూ ట్రాఫిక్కూ ఎక్కువ. సిల్వరాడో ట్రైల్ ప్రశాంతంగా, చూడ్డానికీ బాగుంటుంది. 1976లో పారిస్‌లో లేబుళ్ళు దాచి జరిపిన రుచి పోటీలో నాపా వైన్లు ఫ్రెంచి వైన్లను దాటేశాయి. ఈ లోయ పేరు మోగింది అప్పటినుంచే. హడావుడి నచ్చకపోతే పక్కనే సొనోమా ఉంది.

చాలా వైనరీలకి అపాయింట్‌మెంట్ కావాలి. రోజుకి రెండు చాలు. మూడోదానికి నాలుక ఏ తేడా పట్టలేదు. ఆ రోజు సెంటు కొట్టుకోకండి, వైన్ వాసన తెలియదు. కొంచెం పోస్తారు. గ్లాసు తిప్పి, వాసన చూసి, గుక్క పుచ్చుకుని, ఇష్టమైతే మింగండి, లేకపోతే పక్కనున్న పాత్రలో ఉమ్మేయండి. అది తప్పు కాదు, పని తెలిసినవాళ్ళు చేసేదే అది. ఇద్దరికీ కలిపి ఒకే టేస్టింగ్ పంచుకుంటామని అడగండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు.

నడిపే మనిషి ఎవరన్నది పొద్దున్నే తేల్చుకోండి. ఇద్దరిలో ఒకరికి మద్యం అలవాటు లేకపోతే సమస్యే లేదు. ఇద్దరూ రుచి చూడాలనుకుంటే డ్రైవర్‌ని మాట్లాడుకోండి, లేదా నాపా వైన్ ట్రైన్ ఎక్కండి. కాలిఫోర్నియాలో రక్తంలో ఆల్కహాల్ 0.08 శాతం చేరితే నేరం. వీసా మీద ఉన్నవాళ్ళకి ఒక్క డీయూఐ (తాగి బండి నడపడం) అరెస్టుతో వీసా రద్దయ్యే ప్రమాదం కూడా ఉంది. మూత తీసిన సీసా ఉంటే డిక్కీలోనే పెట్టాలి.

శుక్రవారం చివరి టేస్టింగ్ మూడింటికల్లా ముగించి, తోట అంచున కాసేపు నడవండి. వరుసల చివర గులాబీ చెట్లుంటాయి. తెగులు ముందు వాటిమీద కనిపిస్తుందని పాతకాలం నుంచి నాటుతున్నారు. స్తంభాల మీద పెద్ద ఫ్యాన్లు కూడా కనిపిస్తాయి. వసంతపు రాత్రుల్లో చిగుళ్ళు మంచుకి మాడిపోకుండా పైనున్న వెచ్చటి గాలిని కిందికి తోయడానికి వాటిని తిప్పుతారు.

శనివారం సొనోమా మీదుగా 101 పట్టుకుంటే గోల్డెన్ గేట్ మీంచి సిటీలోకి దిగుతారు. టోలు ఈ దిక్కులోనే ఉంటుంది, నగదు తీసుకోరు. కారు నంబరుతో ముందే ఆన్‌లైన్‌లో కట్టేస్తే అద్దె కంపెనీ అదనపు రుసుము వేసే అవకాశం ఉండదు.