పల్లకి కింద భుజం, మంచె చుట్టూ అడుగు: జపాన్ వేసవి పండగలో కలవాలంటే

టోక్యోలో సుమిదా నదికి తూర్పున, కోతో వార్డులో పదకొండేళ్ళుగా ఉంటున్నాను. మొదటి నాలుగు వేసవులూ పండగను రోడ్డు పక్కన నిలబడి ఫోన్‌లో తీసుకోవడంతోనే సరిపోయింది. ఐదో ఏడు మా అపార్ట్‌మెంట్ కింద బియ్యం కొట్టు పెద్దాయన నన్ను తల నుంచి కాళ్ళ దాకా ఒకసారి చూసి, "ఎత్తెంత?" అన్నాడు. నూట ఎనభై ఒక సెంటీమీటర్లన్నాను. "పండగ ఆదివారం ఖాళీయేనా?" అన్నాడు. అంతే, ఆ ఏడాది మికోషి మోశాను. నేనే ముందు వెళ్ళి అడిగుంటే నాలుగేళ్ళ కిందటే అయిపోయేది పని.

కాబట్టి మొదటి మెట్టు అడగడం. జపాన్‌లో ప్రతి పేటకీ చోనైకై అని ఒక సంఘం ఉంటుంది. మికోషి, అంటే దేవుడి పల్లకి, ఆ సంఘానిదో గుడిదో అవుతుంది గానీ, మోసేవాళ్ళని కూర్చేది మాత్రం సంఘంవాళ్ళే. వీధిలో నోటీసు బోర్డు మీద జూన్, జులైలలో కాగితం అంటిస్తారు. చదవడం రాకపోతే ఫొటో తీసి, పక్కనున్న కొట్లో చూపించి అడగండి. కాన్బినీలో, అంటే రాత్రీపగలూ తెరిచుండే చిన్న సూపర్ మార్కెట్లో, పార్ట్‌టైమ్ పిల్లల్ని అడిగితే లాభం లేదు. టోఫూ కొట్టు, బియ్యం కొట్టు, సైకిల్ రిపేరు కొట్టు, వీళ్ళకి తెలుస్తుంది.

పండగలో రెండు పనులుంటాయి. పగలు మికోషి మోయడం, రాత్రి బోన్ ఒదోరి అనే గుంపు నాట్యం ఆడడం. నిజానికి రెండూ ఒక ఇంటివి కావు. మికోషి షింటో గుడిది, షింటో అంటే జపాన్ సొంత మతం. బోన్ ఒదోరి బౌద్ధులది, పితృదేవతలు ఇంటికి వచ్చి వెళ్ళే బోన్ రోజులది. టోక్యోలో బోన్ జులై నడిమిన, దేశంలో చాలా చోట్ల ఆగస్టు 13 నుంచి 16 దాకా. ఆ ఆటకి చెప్పే కథలో ఉన్నది మనకు తెలిసిన మనిషే. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు, ఇక్కడివాళ్ళ నోట్లో మొకురెన్. ప్రేతలోకంలో ఆకలితో ఉన్న తల్లిని దానాలు చేసి విడిపించుకుని, ఆనందం పట్టలేక గెంతాడట. ఆ గెంతే ఆటయింది అంటారు. పేటల్లో మాత్రం ఈ తేడాలు ఎవరూ పట్టించుకోరు. రెండూ ఒకే శని, ఆదివారాల్లో పెట్టేస్తారు.

ముందు ఆట

శనివారం సాయంత్రం పార్కులోనో బడి మైదానంలోనో యగురా కడతారు. మంచె అనుకోండి. పైన తాయికో డప్పు, చుట్టూ కాగితపు లాంతర్లు. మంచె చుట్టూ వలయాలుగా ఆడతారు. మంచెకి దగ్గరి వలయంలో ఒకే రకం యుకాతా, అంటే వేసవి నూలు కిమోనో, కట్టుకున్న ఆడవాళ్ళు కనిపిస్తారు, వాళ్ళు నెలల తరబడి సాధన చేసినవాళ్ళు. మీ చోటు బయటి వలయం. అక్కడ గుంపులో గోవింద, ఎవరూ తప్పులు లెక్కపెట్టరు.

కొత్తవాళ్ళు చేసే తప్పు చేతులు చూడడం. చేతులు అందంగా ఉంటాయి కాబట్టి కళ్ళు అక్కడికే పోతాయి. ఈలోగా వలయం రెండడుగులు జరిగిపోతుంది, వెనకవాళ్ళు మీ మడమ తొక్కుతారు. ముందు కాళ్ళు చూడండి. మొదటి రెండు చుట్లూ చేతులు ఊరికే వేలాడేసుకుని, ముందున్న ఆవిడ కాలు ఎప్పుడు ముందుకి పడుతోంది, ఎప్పుడు వెనక్కి పడుతోంది, అదొక్కటే పట్టుకోండి. మూడో చుట్టులో చేతులు వాటంతటవే వస్తాయి.

నేర్చుకోవాల్సిన మొదటి పాట తాంకో బుషి. ఫుకుఒకా వైపు బొగ్గు గనుల్లో పుట్టింది కాబట్టి ఆటంతా గని పనే. అందుకే మర్చిపోవడం కష్టం. పార పట్టుకున్నట్టు రెండు చేతులూ దగ్గర పెట్టి కుడివైపు రెండుసార్లు తవ్వండి, మళ్ళీ ఎడమవైపు రెండుసార్లు. తవ్విన బొగ్గు తట్టకెత్తి భుజం మీంచి వెనక్కి, కుడికి ఒకటి, ఎడమకి ఒకటి. తర్వాత అడుగు వెనక్కి వేస్తూ నుదుటి మీద చెయ్యి అడ్డం పెట్టి చంద్రుణ్ణి చూడాలి, ఇటొకసారి అటొకసారి. అప్పుడు వంగి బొగ్గు బండిని ముందుకి రెండు తోపులు. చేతులు కిందినుంచి పక్కలకి తెరిచి, చప్పట్లు. ముందు రెండు వెంటవెంటనే, కాస్త ఆగి మూడోది. మళ్ళీ తవ్వకం. చంద్రుణ్ణి చూసేటప్పుడు వెనక్కి అడుగు పడుతుందన్న సంగతే అందరూ మర్చిపోయేది. నేను మూడేళ్ళు మర్చిపోయాను.

టోక్యోలో ఉంటే టోక్యో ఒందో తప్పదు. 1932లో హిబియా పార్కులో బోన్ ఒదోరి కోసం మారునొఉచి ఒందో పేరుతో వచ్చిన పాట, మరుసటి ఏడు మాటలు మారి ఊరందరిదీ అయింది. ఒక్క సాయంత్రం ఐదారుసార్లు వేస్తారు, అదే వచ్చేస్తుంది.

పండగకి ముందు వారాల్లో చాలా పేటల్లో సాధన రాత్రులుంటాయి. సిగ్గుపడేవాళ్ళు అక్కడికి వెళ్ళండి. నాకు నేర్పింది డెబ్బై దాటిన ఒక బామ్మగారు. ఏమీ వివరించలేదు. నా ముందు నిలబడి తన మడమ నేలకేసి రెండుసార్లు కొట్టి చూపించింది, అంతే.

యుకాతా తప్పనిసరి కాదు, టీషర్టుతో ఆడేవాళ్ళు బోలెడు. కట్టుకుంటే మాత్రం ఒక్కటి గుర్తుంచుకోండి: మీ ఎడమవైపు అంచు పైకి రావాలి. ఎడమది కిందా కుడిది పైనా వస్తే అది శవానికి కట్టే పద్ధతి. నేను అద్దంలో చూసుకుంటూ కట్టుకుని, అద్దం మాయలో తిరగేసి కట్టి, బోన్ రోజుల్లో, పితృదేవతల ఆటకి, శవంలా తయారై వెళ్ళాను. ఎవరూ నవ్వలేదు. ఇద్దరు ఆడవాళ్ళు నన్ను మెల్లగా గుడారం వెనక్కి తీసుకుపోయి, మారు మాటాడకుండా విప్పి కట్టారు. విసనకర్రని నడికట్టులో వెనక్కి దోపుకోండి, ఆడేటప్పుడు చేతికి అడ్డం రాదు. గెతా చెక్క చెప్పులు మాత్రం మొదటిసారి వద్దు. వేళ్ళ మధ్య ఒరుసుకుని, మర్నాడు మికోషి కింద నరకం చూస్తారు.

తిండి విషయం క్లుప్తంగా. శాకాహారులకి బళ్ళ దగ్గర కష్టమే, యాకిసోబా అనే వేయించిన నూడుల్స్‌లో మాంసం ముక్కలుంటాయి, పైన ఎండు చేప పొడి చల్లేస్తారు. పుల్లకి గుచ్చిన చల్లటి దోసకాయ, గీసిన ఐస్ మీద సిరప్ పోసే కాకిగోరి దొరుకుతాయి. రామునే అడగండి, గోలీ సోడానే అది, గోలీతో సహా.

పల్లకి కింద

ఇక అసలు పని. మికోషి చిన్న గుడిలా ఉంటుంది. నల్ల లక్క, బంగారు పూత, శిఖరాన రెక్కలు విప్పిన పక్షి. లోపల దేవుడున్నాడు కాబట్టి కొన్ని పట్టింపులున్నాయి. మేడ మీంచి కిందికి చూడకూడదు. దించి ఉన్నప్పుడు మోత దూలాలు దాటి వెళ్ళకూడదు, చుట్టూ తిరిగి వెళ్ళాలి. నేను తొందరలో కాలెత్తబోతే బియ్యం కొట్టు పెద్దాయన నా నడికట్టు పట్టుకుని వెనక్కి లాగాడు.

బట్టలు సంఘమే ఇస్తుంది. హంతెన్ అనే పొట్టి చొక్కా, వీపు మీద పేట గుర్తు. అది లేనివాళ్ళని దూలం ముట్టుకోనివ్వరు, అది అతి కాదు, కింద ఎవరున్నారో తెలియడం కోసం. కింద తెల్ల నిక్కరు, కాళ్ళకి జికా-తబి. బొటనవేలు విడిగా ఉండే రబ్బరు అడుగు బూట్లు, మడమ వెనక ఇత్తడి కొక్కేలు. ఇవి మాత్రం మీరే కొనుక్కోవాలి. నా పాదం 29 సెంటీమీటర్లు, మా పేట దుకాణంలో 28 తోనే సరి. మీవీ పెద్ద కాళ్ళయితే పండగకి నెల ముందే వెతకండి. మామూలు బూట్లతో రావద్దు, పక్కవాడి వేళ్ళు మీ కాలి కింద పడితే పల్చటి తబి అయితే తప్పుకుంటాయి, బూటయితే చితుకుతాయి. వాచీ, గొలుసు, ఉంగరం ఇంట్లో. కళ్ళజోడుకి తాడు. తాడు లేని నా కళ్ళజోడు మొదటి వంద మీటర్లలోనే పోయింది.

వచ్చేటప్పుడు వట్టి చేతులతో రావడం బాగుండదు. నేను నోషి కవరులో, అంటే కానుకలిచ్చే అలంకార కవరులో, 3,000 యెన్లు పెట్టి ఇస్తాను, కొందరు సాకే అనే బియ్యం సారా పెద్ద సీసా తెస్తారు. మర్నాడు ఉత్సవ గుడారం ముందు, ఇచ్చినవాళ్ళ పేరూ మొత్తమూ రాసి వేలాడదీసే కాగితాల వరసలో నా పేరు కతకనాలో, అంటే విదేశీ పేర్లు రాసే జపాన్ లిపిలో, కనిపించింది. ఇచ్చింది తక్కువేమోనని మొహం చాటేశాను, పక్క కాగితమూ అంతే అని చూశాక ఊపిరి పీల్చుకున్నాను.

ఎత్తేటప్పుడు చిడతల్లాంటి రెండు చెక్కలు టక్కుమంటాయి. వాటి పేరు హ్యోషిగి. ఆ టక్కుకే లేవాలి, ఆ టక్కుకే దించాలి, ఎవరి అరుపూ వినక్కర్లేదు. లేచాక దూలాన్ని మెడకీ భుజం ఎముకకీ మధ్య మెత్తటి చోట ఆనించుకోండి. ఎముక మీద పెట్టుకుంటే పావుగంటకే కన్నీళ్ళొస్తాయి. మెడకి ఎంత దగ్గరైతే అంత మంచిది. లోపలి చెయ్యి దూలం మీద, వీపు నిటారుగా, ముందువాడి వీపుకి మీ ఛాతీ ఆనేంత దగ్గరగా. ఇబ్బందిగా అనిపించి ఎడం పాటిస్తే ఆ ఎడంలోనే కాళ్ళు చిక్కుకుంటాయి.

ఇక్కడా ముందు కాళ్ళే. నడక అనుకోవద్దు. పాదం పొడుగంత కూడా ఉండని అడుగులు, మునివేళ్ళ మీద, "వస్షోయ్, వస్షోయ్" అన్న కేకకి ఒక్కో అడుగు. కొన్ని పేటల్లో "సోయ్యా" అంటారు. అందరి మోకాళ్ళూ ఒక్కసారి లేస్తే టన్ను బరువు కూడా ఒక్క క్షణం తేలుతుంది, ఆ తేలినప్పుడే ముందుకి పోవడం. మీ ఒక్కరి అడుగు తేడా పడితే అందరి భుజాల మీదా దెబ్బ పడుతుంది, దూలం వెంటనే చెప్పేస్తుంది. కేక వెయ్యకుండా మోసేవాడికే ముందు ఆయాసం వస్తుంది. సిగ్గు వదిలి అరవండి.

ఎత్తు సమస్య నా సొంత సమస్య. పొట్టివాళ్ళ మధ్య పొడుగువాణ్ణి పెడితే బరువంతా వాడి మీదే, మిగతావాళ్ళు వేలాడినట్టే. మొదటి ఏడు నేను మోకాళ్ళూ నడుమూ వంచి సర్దుకుందామనుకున్నా. అరగంటలో నడుము పట్టేసింది. పెద్దాయన చూసి, నా ఎత్తే ఉన్న ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళ దగ్గరికి నన్ను మార్చాడు. మొహమాటపడకుండా మీ ఎత్తువాళ్ళని వెతుక్కోండి. పొట్టివాళ్ళయితే మడిచిన తువ్వాలు భుజం మీద వేసుకుంటే అందుతుంది. దూలం ముందు కొస మాత్రం ఆశించవద్దు. అందరి కళ్ళూ పడే చోటది, ఏళ్ళ తరబడి మోసినవాళ్ళది.

అలసిపోతే ఊరికే వదిలేసి బయటికి రావద్దు. పక్కన నడుస్తున్నవాడికి కన్నుసైగ చెయ్యండి, అతను మీ వెనకనుంచి భుజం దూర్చాక మీరు జారుకోండి. దించేటప్పుడు అన్నింటికన్నా జాగ్రత్త. "ఉమా" అంటారు, గుర్రాలని అర్థం, చెక్క స్టాండ్లు తెచ్చి కిందికి తోస్తారు. అవి సరిగ్గా కుదిరి చెక్క మోగేదాకా ఎవరూ భుజం తియ్యరు. గుర్రాల వైపు కాలు పెట్టొద్దు.

ఎండ 35 డిగ్రీలు దాటుతుంది. ప్రతి మజిలీలో బార్లీ టీ, ఉప్పు బిళ్ళలు, ఉమెబోషి అనే ఉప్పులో ఊరేసిన పుల్లటి పళ్ళు ఇస్తారు. దాహం లేకపోయినా తాగండి. బీరూ ఇస్తారు. పని అయ్యేదాకా వద్దనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

మా వార్డులోనే ఉన్న ఫుకాగావాలో అయితే నీళ్ళు కూడా. తోమియోకా హచిమాన్ గుడి ఉత్సవం, మోన్‌జెన్-నకాచో స్టేషన్ దగ్గర, ఆగస్టు నడిమిన. మూడేళ్ళకోసారి పెద్దది, యాభైకి పైగా మికోషిలు వరసగా వెళ్తాయి. కోవిడ్ వల్ల ఆగిపోయి 2017 తర్వాత 2023లోనే మళ్ళీ జరిగింది, అప్పుడు మోశాను. దారి పొడుగునా బకెట్లతో, గొట్టాలతో, నీళ్ళు నింపిన లారీల మీంచి కూడా మీద పోస్తారు. చల్లగా హాయిగా ఉంటుంది గానీ తడిసిన దూలం జారుతుంది, తడిసిన హంతెన్ బరువెక్కుతుంది. నీళ్ళు పడేటప్పుడు తల దించి, నోరు మూసి, అడుగు మాత్రం ఆపకండి. ఆ గుడి బంగారు మికోషి నాలుగున్నర టన్నులు, 1991లో చేయించారు. మోయడం అయ్యే పని కాదని 1997లో రెండు టన్నులది ఇంకోటి చేయించుకున్నారు. మొదటిసారి మోసేవాళ్ళకి ఆ పెద్ద పండగ వద్దు, చిన్న పేట పండగ చాలు.

చివర్న చప్పట్లు. పెద్ద ఒకరు "ఇయ్యో" అని సాగదీస్తే మూడు, మూడు, మూడు, ఒకటి. తొమ్మిది అంకె అక్షరానికి ఒక గీత కలిపితే "గుండ్రం" అన్న అక్షరం అవుతుంది, పని నిండుగా ముగిసిందని లెక్క. సాన్‌బోన్-జిమే అయితే ఇదే మూడుసార్లు. చప్పట్లు అయ్యాక ఇంకోటి కొట్టొద్దు, నిశ్శబ్దంలో మీదొక్కటే వినిపిస్తుంది.

భోజనానికి కూర్చోబెడతారు, కాసేపు ఉండండి. మర్నాడు పొద్దున వీధి ఊడవడానికి కూడా వెళ్తే వచ్చే ఏడు మిమ్మల్ని అడగడానికి వాళ్ళే వస్తారు. హంతెన్ ఉతికి, గుర్తు పైకి వచ్చేలా మడిచి తిరిగి ఇవ్వండి. దూలం మోసిన చోట నిమ్మకాయంత వాపు వస్తుంది, వారంలో తగ్గుతుంది. మా పేట పాతకాపులకి అది కాయ కాచి, భుజం మీద ఇంకో చిన్న భుజంలా ఉండిపోయింది. సోమవారం ఆఫీసుకి వెళ్ళేటప్పుడు బ్యాగు రెండో భుజానికి తగిలించుకోండి.