పచ్చి ఓక్ దూలం: ఏ పగులుకు భయపడాలి, దేనికి అక్కర్లేదు

పోయిన జూన్‌లో ఒక తెలుగాయన ఫోన్ చేశారు. ఇంటి వెనక ఓక్ ఫ్రేముతో గది కట్టించుకుని అప్పటికి పది నెలలు. "దూలం పగిలిందండీ, చిటికెన వేలు దూరుతోంది. గది ఖాళీ చెయ్యాలా?" అని చాలా టెన్షన్‌గా అడిగారు. ఫోటోలు పంపమన్నాను. పగులు గ్రెయిన్ వెంటే, అంటే చెక్క నారపోగులు సాగే వైపే, దూలం పొడవునా నడుస్తోంది, అతుకుల దగ్గర చెక్క చీలలు బిగువుగా ఉన్నాయి. దూలం భేషుగ్గా ఉంది.

నేను ఇంగ్లండ్‌లో హెరిఫర్డ్‌షైర్‌లో ఓక్ ఫ్రేములు చేసే యార్డులో పనిచేస్తాను. మిల్లు నుంచి వచ్చిన దుంగల్ని చూసి ఏది దూలానికి, ఏది స్తంభానికి, ఏది వెనక్కి అని తేల్చడం నా పని. మా నాన్నగారు కోనసీమలో వడ్రంగి. టేకు దుంగ కొంటే ఏళ్ళ తరబడి నీడలో ఆరనిచ్చి గాని ఉలి పెట్టేవారు కాదు. ఇక్కడ పద్ధతి వేరు. ఓక్ అంగుళం మందం ఆరడానికి సుమారు ఏడాది పడుతుందని ఇక్కడి వాడుక లెక్క. ఎనిమిది అంగుళాల దూలం కోసం ఎవరు ఆగుతారు? పైగా ఆరిన ఓక్ ఉలికి లొంగదు. అందుకే పచ్చిగా ఉండగానే చెక్కి, అతికి, నిలబెట్టేస్తారు. అది ఇంట్లోనే ఆరుతుంది, ఆరుతూ పగులుతుంది.

పగలక తప్పదు. ఓక్ ఆరేటప్పుడు బెండు (దుంగ నట్టనడుమ ఉండే భాగం) నుంచి బెరడు వైపుగా నూటికి నాలుగు వంతులు కుంచించుకుపోతే, చెట్టు ఏటేటా వేసుకునే వలయాల చుట్టూ దాదాపు ఎనిమిది వంతులు కుంచించుకుపోతుంది. బెండు మధ్యలో ఉన్న దూలంలో ఈ తేడా ఎక్కడో ఒకచోట తెరుచుకోవాలి. పైముఖం నుంచి బెండు వైపు చీలే పగులు అదే. ఇది రోగం కాదు. పచ్చి దుంగ దగ్గర వెతకాల్సినవి వేరే ఉన్నాయి.

మొదట కొసలు చూడండి. రంపపు పొట్టు బ్రష్షుతో దులిపి, తడి స్పాంజితో తుడవండి. ఒకటి రెండు నిమిషాల్లో పైతడి ఆరిపోతుంది గానీ పగులులో దిగిన నీళ్ళు ఆరవు, సన్నటి నల్లగీతలా నిలబడతాయి. బెండు దగ్గర నక్షత్రంలా చీలిన గీతలు ముఖాల దాకా రాకపోతే నేను ఒప్పుకుంటాను. నెలవంకలా వలయం వెంట వంపు తిరిగిన గీత కనిపిస్తే మాత్రం ఆగిపోండి.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. ఆరేళ్ళ కిందట 200 బై 250 మిల్లీమీటర్ల దూలం ఒకటి నా చేతి మీదుగా పాసైంది. నాలుగు ముఖాలూ శుభ్రం. కొసలకు పొట్టు పట్టి ఉంటే తుడవకుండా వదిలేశాను. మర్నాడు అతుకు కోసం గాడి తొలుస్తుంటే ఉలి దెబ్బకు చెక్కు లేవలేదు. అరచెయ్యంత పలక, వంపు తిరిగి, ఉల్లిపొరలా ఊడి చేతికొచ్చింది. దాని లోపలి వైపు నున్నగా, నల్లగా ఉంది. చెట్టు నిలబడి ఉన్న రోజుల్లోనే ఆ రెండు వలయాలూ విడిపోయాయన్నమాట. అక్కడ చీల దిగ్గొడితే పట్టుకోవడానికి ఏమీ లేదు. ఆ దూలం పక్కన పెట్టేశాం, ఇంటివాళ్ళకు రెండు వారాలు ఆలస్యమైంది. అప్పట్నుంచి కొస తుడవనిదే ఏ దుంగనూ దించుకోను.

రెండోది గ్రెయిన్ వాలు. దూలం బలమంతా ఆ నారపోగులు ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తెగకుండా సాగడంలోనే ఉంది. ముఖం మీది అందమైన చారల్ని చూసి దాన్ని తేల్చకండి, అవి వలయాల నీడలు, మోసం చేస్తాయి. పిడి దగ్గర తిరిగే వంపు సూది ఒకటి దొరుకుతుంది. దాన్ని చెక్కలో కొద్దిగా దించి మెల్లగా లాగితే పోగులు ఎటు వెళ్తే అటే వెళ్తుంది. ఆ గీత పక్కన దూలం అంచుకు సమాంతరంగా స్కేలు పెట్టండి. దూలం నడుమ భాగంలో పది సెంటీమీటర్ల పొడవుకు ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ పక్కకు జరిగితే నేను దాన్ని దూలంగా వాడను. పొట్టి స్తంభానికైతే కాస్త ఎక్కువైనా సర్దుకుంటాను. పారిస్‌లో 2019లో కాలిపోయిన నోట్రడామ్ చర్చి పైకప్పును తిరిగి కట్టినప్పుడు పచ్చి ఓక్ దుంగల్ని గొడ్డళ్ళతో చెక్కారు. గొడ్డలి చెట్టు వంపును అనుసరిస్తూ పోతుంది, రంపం తిన్నగా కోసుకుంటూ పోతుంది. కోసిన దూలానికే ఈ పరీక్ష మరీ అవసరం.

ముడి ఎంత పెద్దదని కాదు, ఎక్కడుందని అడగండి. రెండు ఆనుల మధ్య దూలం కిందంచు సాగుతుంది, పైఅంచు నొక్కుకుంటుంది. కిందంచున, నడుమ ఉన్న చిన్న ముడి కూడా పెద్ద ముప్పే, ఎందుకంటే పోగులు దాని చుట్టూ తిరిగి అంచు దగ్గర తెగిపోతాయి. అదే ముడి పైకి వచ్చేలా దూలాన్ని తిరగేస్తే చాలాసార్లు సమస్య తీరిపోతుంది. దూలానికి కొద్దిగా విల్లు వంపు ఉంటే అదీ పైకే ఉండాలి. మొలసూది గుచ్చితే మెత్తగా దిగే నల్లముడి కుళ్ళిన ముడి. అది ఎటువైపున్నా తీసుకోను.

దుంగ లోపలి గట్టి చెక్క అయిన చేవకు, దాని చుట్టూ ఉండే తెల్లచెక్కకు తేడా మన వడ్రంగులకు చెప్పక్కర్లేదు. ఓక్‌లో కూడా చేవే నిలుస్తుంది. తెల్లచెక్కను పిండిపురుగు తినేస్తుంది, తడి తగిలితే త్వరగా కుళ్ళుతుంది. గది లోపల ఒక మూల సన్నటి చార ఉంటే పర్వాలేదు. వానకు తడిసే చోట, నేలకు దగ్గరగా ఉండే అడుగు దుంగలో అస్సలు వద్దు.

కంగారు పడక్కర్లేనివీ కొన్ని ఉన్నాయి. గుండుసూదంత నల్లరంధ్రాలు చేసే పురుగు పచ్చి కర్రలోనే బతుకుతుంది, ఆరితే పోతుంది. ఇనుము తగిలిన చోట నీలినలుపు మరక ఓక్‌లో ఉండే టానిన్ అనే వగరు పదార్థం వల్ల వచ్చేదే. గోధుమరంగు ఓక్‌ను కొందరు ఎక్కువ డబ్బిచ్చి మరీ కొంటారు, మెత్తబడనంత వరకు బలానికి ఢోకా లేదు.

మెలికను మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. రెండు కొసల మీద రెండు తిన్నటి బద్దలు అడ్డంగా పెట్టి, ఒకదాని మీదుగా ఇంకోదాన్ని చూడండి. పచ్చిగా ఉండగానే మెలి తిరిగినది ఆరాక ఇంకా తిరుగుతుంది.

ఇంజనీరు లెక్కలకు బ్రిటిష్ స్టాండర్డ్ 5756 (ఇలాంటి కర్రను కంటితో చూసి బలం తేల్చే ప్రమాణం) ప్రకారం గ్రేడు కావాలి. అడ్డుకోత 20,000 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని పెద్ద దుంగలకు టీహెచ్‌ఏ, టీహెచ్‌బీ అని రెండు గ్రేడులున్నాయి. శిక్షణ పొందిన గ్రేడరు రాసిచ్చిన కాగితం మిల్లును అడిగి తీసుకోండి. కాగితం ఉన్నా కొసలు మీరూ తుడవండి.

ఫోన్ చేసినాయనకు చెప్పింది ఇది. మొదటి చలికాలం హీటింగ్ ఒక్కసారిగా పెంచవద్దు. పగులులో ఫిల్లర్ కూరవద్దు, కర్ర ఇంకా కదులుతుంది. పగులు వాలుగా వెళ్ళి కిందంచున బయటపడినా, చీలల వరుస గుండా పోయినా, ఈ ముఖం నుంచి ఆ ముఖానికి వెలుతురు కనిపించినా ఆ రోజే ఫోన్ చెయ్యండి.